చీటీ తీసినా సరే, పిల్లల కళ్లముందు తీయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. తెనాలి చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్ఫై రెండేళ్లు పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. మా ఊళ్లో ఇప్పటికీ నన్ను డ్రిల్లు మాస్టారనే పిలుస్తారు. ప్రస్తుతం అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. నవంబరులో వచ్చాను, ఏప్రిల్ ఆఖరుకి తిరిగొస్తాను. ఇక్కడున్నా పొద్దున్నే మీ జిల్లా పేజీ ఫోన్లో చూడనిదే నాకు కాఫీ సహించదు.

ఇక్కడి హైస్కూళ్ల బాస్కెట్‌బాల్ టోర్నమెంటుకి ఏ జట్లను తీసుకుంటారు, ఎవరికి ఎవరితో మ్యాచ్ వేస్తారు అనే సంగతి మీకు రాయాలని నెల రోజులుగా అనుకుంటున్నాను. పేపరు చదివేవాళ్లకి ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు. ఏడాదంతా తెల్లవారుజామున లేచి ప్రాక్టీసు చేసిన పద్నాలుగేళ్ల పిల్లకి మాత్రం ఇది చాలా పెద్ద విషయం. అలాంటి పిల్లల మధ్యే నా ఉద్యోగం గడిచింది కనుక రాస్తున్నాను.

ముందు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1996లో మా బడి ఆడపిల్లల జట్టు చాలా బాగుండేది. మాది మట్టి కోర్టు. వానాకాలం బురద, ఎండాకాలం దుమ్ము. రింగుకి వల ఉండేది కాదు, బంతి పడిందో లేదో చప్పుడుని బట్టి చెప్పేవాళ్లం. ఆ కోర్టు మీదే ఆ పిల్లలు రెండేళ్లు కష్టపడ్డారు. వాళ్లని ఓ టోర్నమెంటుకి తీసుకెళ్లాను. ఎక్కడ, ఎవరు పెట్టారు అనేది రాయను. దాన్ని నడిపినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు కూడా. పదకొండు జట్లు వచ్చాయి. మేం బస్సు దిగి వెళ్లేసరికే ఫిక్చర్, అంటే ఎవరికి ఎవరితో మ్యాచో రాసిన కాగితం, గోడకి అంటించి ఉంది. "లాట్లు రాత్రే తీసేశాం మాస్టారూ" అన్నారు. లాట్లంటే చీటీలు. మా మొదటి మ్యాచ్ కిందటేడు కప్పు గెలిచిన జట్టుతో పడింది.

పీఈటీలందరికీ ఈ లెక్క నోటికొచ్చు. పదకొండు జట్లొస్తే పదహారులోంచి (నాలుగు, ఎనిమిది, పదహారు అని రెట్టింపయ్యే లెక్కలో తర్వాతి అంకె) పదకొండు తీసేయాలి, ఐదు బైలు, అంటే ఐదు జట్లు మొదటి అంచెలో ఆడకుండానే ముందుకెళ్తాయి. మొదటి బై కింది సగంలో చివరి జట్టుకి, రెండోది పై సగంలో మొదటి జట్టుకి, అలా వేసుకుంటూ పోతాం. బై ఎవరికి వెళ్లాలో ఆ పద్ధతే చెబుతుంది. కానీ ఏ జట్టు ఏ నంబరులో కూర్చుంటుందో చెప్పేది చీటీ. ఆ చీటీ ఎవరు తీశారో, ఎవరు చూస్తుండగా తీశారో మాకు తెలియదు. ఆ రోజు మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. పొద్దున తొమ్మిదిన్నరకల్లా మా టోర్నమెంటు అయిపోయింది. మధ్యాహ్నం భోజనం కూపన్లు పిల్లల చేతుల్లో అలాగే ఉన్నాయి. మా కెప్టెన్ ఏడవలేదు. చెట్టు కింద బూట్ల తాళ్లు విప్పుకుంటూ ఒకే ఒక్క మాట అడిగింది: "మాస్టారూ, మన లాటు ఎవరు తీశారండీ?"

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లయినా లేదు.

ఇక ఇక్కడి కథ. మేముండేది వూస్టర్ అనే పట్టణానికి దగ్గర్లో. మా మనవరాలికి పదిహేనేళ్లు, పదో తరగతి. స్కూలు జట్టులో ఉంది కానీ మొదటి ఐదుగురిలో లేదు, బెంచీ మీద ఉంటుంది. నవంబరు ఆఖర్లో థ్యాంక్స్‌గివింగ్ పండగ అయిన వెంటనే సెలెక్షన్లు జరిగాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇరవై మ్యాచ్‌లు. సగం సొంత కోర్టులో, సగం ఎదుటివాళ్ల కోర్టులో. బయట మోకాలి లోతు మంచు పడుతుంటే లోపల చెక్క కోర్టు మీద ఆట. మన పిల్లలకి అలాంటి కోర్టు ఒక్కటి ఉంటే ఎంత బాగుండునని ప్రతిసారీ అనిపిస్తుంది. అయితే ఈ ఉత్తరం కోర్టు గురించి కాదు. కోర్టుకి లక్షలు కావాలి. నేను చెప్పబోయేదానికి ఒక కాగితం, ఒక పెన్ను ఉంటే చాలు.

ఈ రాష్ట్రంలో హైస్కూలు ఆటలన్నీ ఎంఐఏఏ అనే సంఘం చూస్తుంది. ఒకప్పుడు ఉత్తరం, దక్షిణం, మధ్య, పడమర అని భాగాలు చేసి, ఏ భాగానికి ఆ భాగం టోర్నమెంటు ఆడించి, ఆ గెలిచినవాళ్లని చివర్లో కలిపేవాళ్లట. 2021-22 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి ఒకే టోర్నమెంటు. బాస్కెట్‌బాల్‌లో ఐదు డివిజన్లు పెట్టారు. ముఖ్యంగా పిల్లల సంఖ్యని బట్టి, పెద్ద బడులు పెద్ద బడులతో, చిన్న బడులు చిన్న బడులతో ఆడేలా.

టోర్నమెంటులోకి రావడానికి రెండు దారులున్నాయి. మీ డివిజన్ ర్యాంకింగ్‌లో మొదటి ముప్ఫై రెండు జట్లలో ఉంటే నేరుగా వచ్చేస్తారు. అక్కడ లేకపోయినా ఆడినవాటిలో సగం మ్యాచ్‌లు గెలిచి ఉంటే వస్తారు. ఇరవైలో పది గెలవాలి. ఈ రెండో దారి నాకు చాలా నచ్చింది. కంప్యూటరు ఎంత తక్కువ లెక్క కట్టినా, ఓడినన్నిసార్లు గెలిచిన పిల్లల్ని ఇంటికి పంపకూడదని ఎవరో ఆలోచించి పెట్టినట్టుంది.

ర్యాంకింగ్ లెక్క నాకు అర్థం కావడానికి వారం పట్టింది. మా అల్లుడు ఒక రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి కాగితం మీద వేసి చూపించాడు. ప్రతి మ్యాచ్‌కీ ఒక విలువ ఉంటుంది. మీరు ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచారో లేదా ఓడారో ఆ అంకెకి ఎదుటి జట్టు రేటింగు కలపాలి. అన్ని మ్యాచ్‌ల విలువల సగటు మీ రేటింగు. ఎదుటివాళ్ల రేటింగు వాళ్లు ఆడినవాళ్ల మీద ఆధారపడుతుంది, వాళ్లది మళ్లీ ఇంకొకరి మీద. అందుకే చేత్తో తేలే లెక్క కాదు, కంప్యూటరు పదేపదే తిప్పి తేలుస్తుంది. కానీ ఒక్క మ్యాచ్ విలువ ఎంతో చేత్తోనే కట్టుకోవచ్చు. మా మనవరాలు జట్టులో ప్రతి పిల్లా కట్టుకుంటుంది.

ఇందులో ఒక షరతు ఉంది, దాన్ని మన పీఈటీలందరూ గమనించాలి. బాస్కెట్‌బాల్‌లో తేడాని పది పాయింట్లకి మించి లెక్కలోకి తీసుకోరు. పదితో గెలిచినా నలభైతో గెలిచినా పదే. ఓడినా అంతే. ఈ ఒక్క షరతు కోర్టు మీద ఆటని ఎలా మారుస్తుందో నా కళ్లతో చూశాను. జనవరిలో ఒక మ్యాచ్‌లో మావాళ్లు పద్దెనిమిది పాయింట్ల ముందంజలో ఉన్నారు. కోచ్ మొదటి ఐదుగురినీ బయటికి పిలిచి బెంచీ మీదున్న పిల్లల్ని దింపింది. మా మనవరాలు ఆ రోజు ఆరు నిమిషాలు ఆడింది. రెండు రీబౌండ్లు పట్టింది, ఒక బుట్ట వేసింది. ఇంకో ముప్ఫై వేసినా లాభం లేదు కనుకనే ఆ పిల్లలకి ఆట దొరికింది. ఎదుటి బడి పిల్లలకి కూడా తలెత్తుకుని వెళ్లే వీలు దొరికింది. మన దగ్గర అరవైకి నాలుగు స్కోరుతో ముగిసిన మ్యాచ్‌లకి నేను విజిల్ ఊదాను. ఓడిన పిల్లలు మళ్లీ ఏడాది కోర్టు వైపు రాలేదు.

ఇంకో మ్యాచ్‌లో తొమ్మిది పాయింట్ల ముందంజ, పది సెకన్లు మిగిలాయి. బంతి మావాళ్ల చేతిలోనే ఉంది. ఒక్క బుట్ట వేస్తే పది లెక్కకొస్తుంది. స్టాండ్స్‌లో ఒకాయన వేయమని కేకపెట్టాడు. కోచ్ చెయ్యెత్తి ఆపింది. ఆ అమ్మాయి బంతిని గుండెలకి హత్తుకుని నిలబడిపోయింది. టైము అయిపోయింది. ర్యాంకుకి అవసరమైన అంకెని వదులుకుని మర్యాద నిలుపుకున్న ఆ కోచ్‌ని మ్యాచ్ అయ్యాక కలిసి, మా అమ్మాయి చేత తర్జుమా చేయించి, నమస్కారం పెట్టి వచ్చాను.

సీజన్ మధ్య నుంచి ర్యాంకులు వెబ్‌సైటులో పెడతారు. ఎవరైనా చూడొచ్చు. ఇంటర్ ఫలితాల కోసం ఎదురుచూసినట్టు మా ఇంట్లో ర్యాంకు కోసం ఎదురుచూసేవాళ్లం. ఫిబ్రవరి మొదటి వారంలో మావాళ్లు ముప్ఫై ఐదు. పందొమ్మిది మ్యాచ్‌లు అయ్యేసరికి తొమ్మిది గెలుపులు, పది ఓటములు. ముప్ఫై రెండు లోపలికి వచ్చే దారి మూసుకుపోయినట్టే. మిగిలింది పదో గెలుపు. ఆఖరి మ్యాచ్ రోజు ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. టెన్షన్ అంటే అదే. మా మనవరాలు ఆ రోజు ఒక్క నిమిషం కూడా కోర్టులోకి దిగలేదు, అయినా బెంచీ మీద కూర్చోకుండా నలభై సార్లు లేచి ఉంటుంది. రెండు పాయింట్లతో గెలిచారు. పది గెలుపులు, పది ఓటములు. పిల్లలు కోర్టు మధ్యలో కుప్పగా పడి అరిచారు.

మర్నాడు వెబ్‌సైటు చూస్తే ర్యాంకు ముప్ఫై ఐదు నుంచి ముప్ఫై ఆరుకి పడింది! గెలిస్తే ర్యాంకు పడటమేమిటని నేను కోపంగా అడిగాను. అల్లుడు మళ్లీ కాగితం తీశాడు. వాళ్లు ఓడించిన జట్టు చాలా బలహీనమైనది. ఆ జట్టు రేటింగు మైనస్ ఆరు అనుకుందాం. రెండు పాయింట్ల తేడా కలిపితే మ్యాచ్ విలువ మైనస్ నాలుగు. మావాళ్ల సగటు మైనస్ ఒకటిన్నర ఉంటే ఈ గెలుపు దాన్ని కిందికే లాగుతుంది. అదే బలమైన జట్టు చేతిలో మూడు పాయింట్లతో ఓడితే పైకి వెళ్లొచ్చు కూడా. కాగితం మీద న్యాయమే. కానీ గెలిచిన పిల్లకి "నువ్వు కింద పడ్డావు" అని చెప్పే లెక్క నా మనసుకి ఇంకా పూర్తిగా ఎక్కలేదు. ఇక్కడి తల్లిదండ్రుల్లో కూడా దీని మీద గొణుగుడు ఉంది. బలమైన లీగ్‌లో ఆడుతూ సగం కంటే ఎక్కువ ఓడిన జట్టు మొదటి ముప్ఫై రెండులో కూర్చోవడం, బలహీనమైన లీగ్‌లో పన్నెండు గెలిచిన జట్టు దాని కింద ఉండటం చాలామందికి నచ్చదు. నేను మాత్రం మొదటిదాన్ని ఒప్పుకుంటాను. గట్టివాళ్లతో ఆడటానికి ధైర్యం చేసినవాడికి ఏదో ఒకటి దక్కాలి, లేకపోతే అందరూ తేలికైన జట్లనే వెతుక్కుంటారు.

ఫిబ్రవరి చివర్లో డ్రా, అంటే ఎవరికి ఎవరితో మ్యాచో చెప్పే పట్టిక, వచ్చింది. అది చూసి నాకు కలిగిన సంతోషం ఒక పీఈటీకే అర్థమవుతుంది. మావాళ్ల డివిజన్‌లో ముప్ఫై ఎనిమిది జట్లు అర్హత పొందాయి. మన లెక్క వేసి చూడండి. అరవై నాలుగులోంచి ముప్ఫై ఎనిమిది తీసేస్తే ఇరవై ఆరు. ఇక్కడ కూడా సరిగ్గా ఇరవై ఆరు జట్లకే మొదటి అంచెలో ఆట లేదు! నేను ట్రైనింగులో నేర్చుకున్న లెక్కే ఇది. తేడా ఒక్కటే. మన దగ్గర బై చీటీలో తగిలిన నంబరుకి పోతుంది. ఇక్కడ ఒకటి నుంచి ఇరవై ఆరు వరకు ర్యాంకు వచ్చిన జట్లకి పోతుంది, అంటే మూడు నెలలు చెమటోడ్చి సంపాదించుకున్నవాళ్లకి. మిగిలిన పన్నెండు జట్లు ముందుగా ఒక మ్యాచ్ ఆడాలి. ఇరవై ఏడోది ముప్ఫై ఎనిమిదోదానితో, ఇరవై ఎనిమిదోది ముప్ఫై ఏడోదానితో. ఏ జత ర్యాంకులు కూడినా అరవై ఐదు వస్తుంది. ఆ తర్వాత ఒకటికి ముప్ఫై రెండు, రెండుకి ముప్ఫై ఒకటి, ఏ జత కూడినా ముప్ఫై మూడు. మావాళ్లు ముప్ఫై ఆరు కనుక ఇరవై తొమ్మిదో ర్యాంకు జట్టుతో మొదటి మ్యాచ్. గెలిస్తే నాలుగో ర్యాంకు జట్టుతో. ఎవరు ఎవరికి ఎందుకు పడ్డారో మా ఇంట్లో మూడో తరగతి చదివే రెండో మనవడు కూడా వేళ్ల మీద కూడి చెప్పాడు.

మంచి ర్యాంకు వచ్చినవాళ్లకి ఇంకో బహుమానం ఉంది. క్వార్టర్ ఫైనల్ దాకా మ్యాచ్ వాళ్ల కోర్టులోనే జరుగుతుంది. సెమీ ఫైనల్ నుంచి ఎవరిదీ కాని చోట పెడతారు. దీనివల్ల రాష్ట్రం పడమటి కొస నుంచి సముద్రం పక్క ఊళ్లకి మూడు గంటలకు పైగా బస్సు ప్రయాణం చేయాల్సిన జట్లు కూడా ఉంటాయి, మర్నాడు మళ్లీ బడి. ఈ ఇబ్బంది నిజమే. పాత పద్ధతిలో దగ్గరి ఊళ్లతో ఆట ఉండేదని, ఊరూ ఊరూ పోటీపడితే జిమ్ నిండేదని కొందరు పెద్దవాళ్లు నాతో అన్నారు. ఆ మాట కొట్టిపారేయలేను.

మావాళ్లు ఇరవై తొమ్మిదో జట్టు ఊరెళ్లి ఐదు పాయింట్లతో గెలిచారు. మూడు రోజుల తర్వాత నాలుగో జట్టు కోర్టులో ఇరవై మూడు పాయింట్లతో ఓడారు. ఆ రోజు కూడా నేనున్నాను. గోడ మీద వాళ్లు గెలిచిన సంవత్సరాల జెండాలు వరసగా వేలాడుతున్నాయి. ఓడినందుకు మా మనవరాలు కారులో ఏడ్చింది. ఊరుకోబెడదామని మాట్లాడుతుంటే అదే అంది: "తాతయ్యా, మేం ముప్ఫై ఆరు, వాళ్లు నాలుగు. వచ్చే ఏడు ఇరవై లోపు రావాలి, అప్పుడు వీళ్లు మొదట్లోనే తగలరు." ఓడిన రాత్రే వచ్చే ఏడు ఏం చేయాలో ఆ పిల్లకి తెలిసింది. 1996లో చెట్టు కింద బూట్లు విప్పుకున్న నా కెప్టెన్‌కి నేను చెప్పలేకపోయింది అదే.

అమెరికా అంతా ఇలాగే చేస్తారని అనుకోవద్దు. రాష్ట్రానికో పద్ధతి. మా తమ్ముడి కొడుకు టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాడు, అక్కడ మన తెలుగువాళ్లు చాలామంది. ఆ ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్ ఒక్కదానిలోనే పన్నెండు హైస్కూళ్లట. పోటీల కోసం ఆ రాష్ట్ర సంఘం బడులని చిన్నచిన్న గుంపులుగా విడగొడుతుంది. వాటినీ డిస్ట్రిక్ట్‌లే అంటారు కానీ మన జిల్లాలు కావు. పిల్లల సంఖ్యను బట్టి రెండేళ్లకోసారి ఆ గుంపుల్ని మళ్లీ కూర్చుతారు. గుంపులో అందరూ అందరితో ఆడాలి, మొదటి నాలుగు జట్లు ప్లేఆఫ్‌కి వెళ్తాయి. కంప్యూటరు లేదు, సగటు లేదు, పేపర్లో పట్టిక చూస్తే సరి. కాకపోతే గట్టి గుంపులో ఐదో స్థానం వచ్చిన మంచి జట్టు ఇంట్లో కూర్చుంటుంది, తేలిక గుంపులో నాలుగోది ముందుకెళ్తుంది.

నా పాత విద్యార్థి ఒకడు ఒహాయోలో కొలంబస్‌లో ఉన్నాడు. వాడు చెప్పిన పద్ధతి నాకు అన్నిటికంటే ముచ్చటేసింది. అక్కడ ఏళ్ల తరబడి అన్ని బడులనీ టోర్నమెంటులోకి రానిచ్చారు. సీడింగుని, అంటే జట్ల బలాన్ని బట్టి ఇచ్చే వరస నంబర్లని, కోచ్‌లే ఓట్లేసి తేల్చేవాళ్లు. ఆ తర్వాత అందరి ముందూ ఖాళీ డ్రా పెట్టేవాళ్లు. ఒకటో సీడు కోచ్ ముందు తన జట్టు ఎక్కడ ఆడాలో తనే ఎంచుకునేవాడు. తర్వాత రెండోవాడు, ఆపైన మూడోవాడు. ఒకరు బై వచ్చే చోటు చూసుకునేవాళ్లు, ఒకరు బలమైన జట్టుకి దూరంగా జరిగేవాళ్లు. తప్పు చోట నిలబడితే ఆ తప్పు తనదే, చీటీది కాదు.

ఇండియానా సంగతి విన్నాక మాత్రం నా ఆలోచన మార్చుకోవలసి వచ్చింది. బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే రాష్ట్రం అది. అక్కడ అన్ని బడులూ టోర్నమెంటు ఆడతాయి, ఏళ్ల తరబడి సీడింగు అనేదే లేదు. మొదటి అంచెలో ఎవరికి ఎవరో లాటే తేల్చేది! అచ్చం మన చీటీలే. రెండు అత్యుత్తమ జట్లు మొదటి రోజే తగిలినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. 1997 దాకా అక్కడ పెద్ద బడి చిన్న బడి అన్న తేడా కూడా లేదు. ఆ రోజుల్లోనే, 1954లో, మిలాన్ అనే పల్లెటూరి బడి, 161 మంది పిల్లలున్న బడి, తనకంటే పది రెట్లు పెద్దదైన మన్సీ సెంట్రల్‌ని ఫైనల్లో 32-30తో ఓడించింది. బాబీ ప్లంప్ అనే కుర్రాడు ఆఖరి క్షణంలో బంతి వేశాడు. ఇప్పటికీ ఆ కథ చెప్పుకుంటారు.

చీటీలంటే నాకున్న కోపం ఆ కథతో కొంత దిగింది. ఇండియానాలో లాటు తీస్తే ఆ డ్రా ప్రత్యక్ష ప్రసారం అయ్యేది, రాష్ట్రమంతా కూర్చుని చూసేది. మా పిల్లల్ని దెబ్బతీసింది చీటీ కాదన్నమాట. రాత్రిపూట, తలుపులేసిన గదిలో తీసిన చీటీ.

మార్చిలో అల్లుడు మమ్మల్ని స్ప్రింగ్‌ఫీల్డ్ తీసుకెళ్లాడు. ఇక్కడికి గంట ప్రయాణం. 1891 డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు పీచు పళ్ల బుట్టలు బాల్కనీకి కట్టించి పద్దెనిమిది మందితో ఈ ఆట మొదటిసారి ఆడించింది ఆ ఊళ్లోనే, అక్కడి వైఎంసీఏ ట్రైనింగ్ స్కూల్లో. మద్రాసులో 1920లో వ్యాయామ విద్యా కళాశాల పెట్టిన బక్ దొర ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివాడు. నాకు విజిల్ పట్టుకోవడం నేర్పిన మా గురువుగారు మద్రాసు వైఎంసీఏలో ట్రైనింగయ్యారు. అంటే ఆ బుట్టల దగ్గర నుంచి తెనాలి మట్టి కోర్టు దాకా దారి నేరుగానే ఉంది. నైస్మిత్ మాస్టారు పదమూడు రూల్సు రాసి, ఆట మొదలుపెట్టే ముందే నోటీసు బోర్డుకి అంటించాడట. అది చదివి అక్కడే కాసేపు నిలబడిపోయాను. రూలు ముందు, ఆట తర్వాత.

ఇక మన సంగతి. స్కూల్ గేమ్స్‌లో 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాలున్నాయి. మన దగ్గర బడి జట్టు మండలం దాకానో, ఇంకాస్త పైకో బడిగా ఆడుతుంది. ఆపైన పిల్లల్ని ఏరి జిల్లా జట్టు కడతారు. దానివల్ల మంచి ఆటగాడు పైకి వెళ్తాడు, నిజమే. కానీ బడి అక్కడే ఆగిపోతుంది. గ్రిగ్స్ పోటీల రోజుల్లో బడి పేరుతోనే కప్పు కోసం కొట్లాడేవాళ్లం. ఊరంతా ఎడ్లబళ్ల మీద, సైకిళ్ల మీద వచ్చేది. అదలా ఉంచితే, మండల పోటీలు చాలాచోట్ల రెండు రోజుల్లో నాకౌట్ పెట్టి ముగించేస్తారు. సగం బడులు ఒక్క మ్యాచ్ ఆడి ఇంటికి పోతాయి. ఏడాదికి ఒక్క మ్యాచ్! ఇక్కడ ఆఖరి ర్యాంకు జట్టు కూడా ఇరవై ఆడుతుంది. సీడింగు వేద్దామన్నా వేయడానికి ఆడిన మ్యాచ్‌లేవి?

డబ్బు లేదు, బస్సు ఛార్జీలు లేవు, సిలబస్ అవ్వాలి, ఇవన్నీ నాకు తెలుసు. ముప్ఫై రెండేళ్లు వాటితోనే కాపురం చేశాను. అందుకని పెద్ద పెద్దవి అడగను. అధికారులకీ తోటి పీఈటీలకీ నా మనవి ఇది. సీడింగు ఎలా వేస్తారో ఆటలు మొదలయ్యే ముందే రాసి బడులకి పంపండి. కిందటేడు ఫైనల్ ఆడిన రెండు జట్లని చెరో సగంలో పెట్టమని మన పుస్తకాల్లోనే ఉంది, అది పాటించండి. మిగతావాటికి చీటీలే తీస్తామంటే తీయండి, కానీ అన్ని జట్ల కెప్టెన్లనీ చుట్టూ కూర్చోబెట్టి, చీటీ పిల్లల చేతే తీయించండి. తీసిన కాగితాన్ని ఫోనుతో ఫొటో తీసి అందరికీ పంపండి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

మీకు కూడా ఒక మనవి. జిల్లా పేజీలో బడుల ఆటల ఫలితాలు నాలుగు లైన్లలో వస్తాయి. విజేత పేరు, కప్పు ఇచ్చిన పెద్దమనిషి పేరు ఉంటాయి, స్కోరు ఉండదు. ఎవరు ఎన్ని ఆడారు, ఎన్ని గెలిచారు అనే పట్టిక ఎప్పుడూ కనబడలేదు. ఇక్కడ మా మనవరాలు ఫోన్లో ఆ పట్టిక చూసుకునే పెరుగుతోంది.

నేను ఏప్రిల్ చివరికి వచ్చేస్తున్నాను. జూన్‌లో బడులు తెరవగానే మా చుట్టుపక్కల బాస్కెట్‌బాల్ కోర్టు ఉన్న ఎనిమిది హైస్కూళ్ల హెడ్మాస్టర్లనీ కలుస్తాను. ఇద్దరితో ఇప్పటికే ఫోన్లో మాట్లాడాను, సరేనన్నారు. ఆడపిల్లల జట్లతో లీగ్ మొదలుపెట్టాలని ఉంది. ఎనిమిది జట్లు, అందరూ అందరితో ఆడితే ఇరవై ఎనిమిది మ్యాచ్‌లు. శనివారం సాయంత్రానికి నాలుగు చొప్పున ఏడు వారాల్లో అయిపోతాయి. తేడా పది దాటితే పదిగానే రాస్తాను. చివర్లో మొదటి నాలుగు జట్లకి, ఒకటికి నాలుగు, రెండుకి మూడు, మంచి ర్యాంకు వచ్చిన బడి కోర్టులోనే సెమీ ఫైనల్స్. బస్సు ఛార్జీలు నా పెన్షన్‌లోంచి పెట్టుకుంటాను, అంత దూరాలు కూడా కావు. మొదటి వారం ఎవరు ఎవరితో ఆడాలో ఎనిమిది మంది కెప్టెన్లూ మా ఇంటి అరుగు మీద కూర్చుని చీటీలు తీస్తారు.

ప్రతి శనివారం రాత్రికి పట్టిక నేనే రాసి పంపుతాను. ఎనిమిది వరసలు, నాలుగు గడులు, రెండంగుళాల చోటు సరిపోతుంది. ఆదివారం కుదరకపోతే సోమవారమైనా ఫర్వాలేదు. ఏ సమయానికి, ఎవరి పేరున పంపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
రిటైర్డ్ పీఈటీ,
తెనాలి (ప్రస్తుతం మసాచుసెట్స్, అమెరికా)